సోరియాసిస్ మోచేతుల దగ్గరే ఆగిపోదు

సోరియాసిస్ అనగానే మనవాళ్లకు మోచేతులూ మోకాళ్లే గుర్తొస్తాయి. మందమైన మచ్చలు, గోకితే రాలే తెల్లటి పొలుసులు. అక్కడైతే ఎవరైనా పోల్చుకుంటారు. ఇంకోచోట వస్తే మాత్రం ఇంకేదో పేరు పెట్టి, ఆ పేరుకు తగ్గ మందు వాడేస్తారు. నా కోపమంతా దీనిమీదే.

తలలో వస్తే చుండ్రు అంటారు. మా బాబాయి షాంపూలు మార్చుకుంటూ ఏళ్లు గడిపేశాడు. పొలుసులు నుదుటి మీదికి, చెవుల వెనక్కి దిగాక కటింగ్ షాపులో కుర్చీ ఎక్కనివ్వలేదు. అంటుకుంటుందట! అంటుకోదండీ. ఒంట్లోని రోగనిరోధక శక్తే దారితప్పి చర్మాన్ని తొందరపెడుతుంది. నెలకోసారి మారాల్సిన పైపొర కొద్ది రోజులకే పుట్టుకొచ్చి పేరుకుపోతుంది. ఇది అంటువ్యాధి కాదని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు తీర్మానంలోనే రాసుకున్నాయి.

గోళ్లమీద సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి, గోరు కింద నూనె మరకలా పచ్చబడుతుంది. దాన్ని ఫంగస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగేవాళ్లున్నారు. గోళ్లకు వచ్చినవాళ్లకు కీళ్లకూ వచ్చే అవకాశం ఎక్కువ. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతాయి, ఒక్కోసారి వేలు మొత్తం వాచిపోతుంది, మడమ నొప్పెడుతుంది. "వయసు మీదపడింది, అంతే" అని ఊరుకుంటే పాడైన కీలు మళ్లీ మునుపటిలా కాదు.

అరచేతుల్లో పగుళ్లొస్తే ఆవకాయన్నం కలుపుకోవడమూ నరకమే. అరికాళ్లలో వస్తే నడకే కష్టం. ఒళ్లంతటిలో చూస్తే చారెడు చోటు కూడా కాదు, బతుకంతా దానిచుట్టే తిరుగుతుంది.

అన్నిటికంటే అన్యాయం మడతల్లో జరుగుతోంది. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద పొలుసులు పెద్దగా ఉండవు, చర్మం నున్నగా మెరుస్తుంది. మన చామనఛాయకు ఎరుపు కూడా సరిగ్గా తెలియదు, ఊదాగానో ముదురు గోధుమగానో కనిపిస్తుంది. తామర అనుకుని మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు కొంటారు. అసలే పల్చటి చర్మం, ఇంకా పల్చబడి చారలు తేలుతుంది. మర్మాంగాల మీద వస్తే సుఖరోగమేమోనన్న భయంతో కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పుకోరు.

చొక్కా చెయ్యి మడిచి చూసి మందు రాసిచ్చే డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. తల, గోళ్లు, బొడ్డు, పిరుదుల మధ్య కూడా చూడండి. పొద్దున లేవగానే పిడికిలి బిగించగలుగుతున్నారా అని అడగండి. బట్టల మాటున ఏమైనా ఉందా అన్న ప్రశ్న మీ నోటినుంచే ముందు రావాలి. సిగ్గుతో కూర్చున్న మనిషి తనంతట తాను చెప్పలేడు.