మామ నోటి లెక్క, కోడలి ల్యాప్‌టాప్

దేవరకొండలో ఒక ఫంక్షన్ హాల్ లేస్తోంది. కింద భోజనాల హాలు, పైన పెండ్లి హాలు. మాఘమాసం ముహూర్తాలకు తాళాలు చేతికి రావాలని ఓనరు పట్టు. పని పట్టింది పాలమూరు మేస్త్రి. షెడ్యూల్ రాయడానికి వచ్చింది అతని మేనకోడలు, సివిల్ చదివి ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న పిల్ల. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. తగాదా మాత్రం ఏ సైట్‌కు పోయినా వినబడేదే. నేను కోడలి పక్షమని ముందే చెప్తున్నా. అట్లని మామ నోరు నొక్కలేదు.

మామ: ఏంది బిడ్డా, పొద్దటి సంది ఆ డబ్బాల రంగు గీతలు గీస్తున్నవ్? గీతలు గీస్తే స్లాబ్ పడ్తదా?

కోడలు: పడదు మామా. ఎప్పుడు పడ్తదో తెలుస్తది.

మామ: అది నన్నడుగు, నేను చెప్త.

కోడలు: చెప్పు. పై స్లాబ్ ఎప్పుడు?

మామ: దసరా దాటినంక.

కోడలు: సంక్రాంతి కూడా దసరా దాటినంకనే వస్తది కదా.

మామ: అమీర్‌పేటల మాటలైతే మంచిగనే నేర్పిండ్రు. ఫీజు దండుగ పోలే. ఒక్కటి చెప్పు. నాగార్జునసాగర్ ఎవరు కట్టిండ్రు? 1955ల నెహ్రూ పునాదిరాయి ఏసిండు, 1967ల కాల్వలకు నీళ్లిడిసిండ్రు. నడిమి కట్టంతా రాతి కట్టడం. తట్ట మోసినోళ్లు, రాయి కొట్టినోళ్లు మన అసొంటోళ్లు. ల్యాప్‌టాప్ ఉండెనా ఆడ?

కోడలు: లేకుండె. పునాదిరాయి ఏసిన నాటికి ఈ లెక్కే పుట్టలే. 1957ల అమెరికాల డ్యూపాంట్ కంపెనీల వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ కంపెనీల కెల్లీ అని ఇద్దరు కూసోని తయారు చేసిండ్రు. పనులల్ల పొడుగు వరస ఏదో, దేని మీద ఒక్కరోజు పోతే మొత్తం మీద ఒక్కరోజు పోతదో లెక్క తీసుడు. దాన్నే క్రిటికల్ పాత్ అంటరు, ఈ డబ్బాల ఎర్ర గీత అదే. మరుసటేడు అమెరికా నేవీ వాళ్లు మిసైళ్ల పనికి ఇసొంటిదే పెర్ట్ అని ఇంకోటి తయారు చేసిండ్రు. సాగర్ ఇంజనీర్లు లెక్క లేకుంట కట్టిండ్రని మాత్రం అనకు, వాళ్ల లెక్క కాగితాల మీద ఉండె. ఇంకోటి, పునాదిరాయి నుంచి నీళ్ల దాక పన్నెండేండ్లు పట్టింది. మన ఓనరు పన్నెండేండ్లు ఆగుతడా?

మామ: ఇయ్యాల్టి సంగతే చెప్పు మరి. శ్రీశైలం సొరంగం, 44 కిలోమీటర్లు. ఇరవై ఏండ్లాయె తవ్వవట్టి. అంత పెద్ద మిషన్లు తెచ్చినోళ్లకు నీ సాఫ్ట్‌వేర్ దొరకలేదా? 2025 ఫిబ్రవరిల పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల్నే చిక్కుకపోయిరి. ఏ ఎర్ర గీత చెప్పింది ముందుగాల?

కోడలు: ఏ గీతా చెప్పదు. 2009 వరద సొరంగంలకు వస్తదని కూడా చెప్పదు. రాయి లోపల ఏమున్నదో దానికేమెరుక? మనం చెప్పిందే దానికి తెలుస్తది. అది ఒప్పుకుంట.

మామ: ఒప్పుకున్నవ్ కదా. అయినా మీ నల్లగొండోళ్లకేంది, సాగర్ కట్ట మీ జిల్లాలనే ఉన్నది. మాకు వలస బస్సు తప్ప ఏమున్నది?

కోడలు: కట్ట మా జిల్లాల ఉంటే నీళ్లు మా ఇంటికొచ్చినయా? ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ పచ్చగైంది. ఈ దేవరకొండ, మునుగోడు దిక్కు బోరు నీళ్లే తాగినం. ఫ్లోరైడ్‌కు కాళ్లు వంకర్లు పోయినోళ్లు ఎవరు? మేమే కదా?

మామ: కృష్ణ మా పాలమూరు మీదికెళ్లే వస్తది. ముందుగాల మాకు రావాలె.

(నీళ్ల మాట వచ్చిందంటే మా దక్షిణ తెలంగాణలో స్లాబ్ ఎవరికీ గుర్తుండదు. ఇది ఇంకా చాలాసేపు నడిచింది. నేను కోసేశాను.)

మామ: సరే, నీ దుకాణానికే వద్దాం. ఇది నేర్చుకుంటే ఏమొస్తది?

కోడలు: నేర్చుకునుడంటే బటన్లు నేర్చుకునుడు కాదు మామా. శానమంది ఆడ్నే ఆగుతరు. ప్రిమావెరా వచ్చు, ఎమ్మెస్ ప్రాజెక్ట్ వచ్చు అని రెజ్యూమెల రాసుకుంటరు, ప్లాస్టరింగ్ కంటె ముందు కరెంటు పైపులు పెట్టాల్నా, ఎనుక పెట్టాల్నా అంటే దిక్కులు చూస్తరు. ముందుగాల కాగితం మీద పనులన్ని రాయాలె. ఒక్కో పనికి ఎన్ని రోజులో చేసెటోన్ని అడగాలె. ఏది అయితే ఏది మొదలైతదో కలపాలె. తారీఖులు మాత్రం చేతితోని కొట్టొద్దు. కొత్తోళ్లంత చేసే తప్పు అదే. ఎమ్మెస్ ప్రాజెక్ట్‌ల తారీఖులు అదే లెక్కేసే ఆటో షెడ్యూల్ పెట్టి, మొదలు తారీఖు గడిల నువ్వు కొడితే, 'ఈ దినం కంటె ముందు మొదలు పెట్టొద్దు' అని నువ్వు షరతు పెట్టినట్టు తీసుకుంటది. ముందటి పని వారం ముందే అయిపోయినా ఈ పని తారీఖు ముందుకు జరగదు. అప్పుడు అది షెడ్యూల్ కాదు, గోడకు తగిలేసిన క్యాలెండర్. ఇగ దాని సొంత క్యాలెండర్ చూస్తే సోమవారం నుంచి శుక్రవారం, రోజుకు 8 గంటలు. మన కాడ శనివారం పని ఉంటది, ఆదివారం ఉండదు, అమావాస్య నాడు నీ మేస్త్రీలు తాపీ పట్టరు. బీహార్ గుంపు దీపావళి కాంగనే ఛట్ పండుగకు రైలెక్కుతది. ఇవన్ని కూసోబెట్టి చెప్పాలె దానికి. చెప్పకుంట తారీఖు అడిగితే అది చెప్పే తారీఖు కూడా దొంగదే.

మామ: అన్ని మేమే చెప్పాలె, పేరు మాత్రం దానిది.

కోడలు: పోయిన వారం ఇటుక బట్టీ వానితోని ఫోన్ల ఎంత లొల్లి పెట్టుకున్నవ్? గోడలు కట్టాల్నంటే కింద సెంట్రింగ్ విప్పాలె. ఇటుక తొమ్మిది రోజులు ఆలస్యమైనా ఏమీ ఆగదు. ఆ తొమ్మిది రోజులను ఫ్లోట్ అంటరు. అది చూసి ఉంటే ఆ లొల్లి ఉండకపోవు. ఆగేది ఎక్కడో చూపిస్త, ఇటు రా. కింద హాల్ బీమ్‌లు 6 మీటర్లు దాటినయ్. కాంక్రీటు పనికి మన దేశంల ఉన్న ఐఎస్ 456 రూల్ ప్రకారం సపోర్టులు 21 రోజులు కదిలించొద్దు. నీ కాడ షీట్లు, సపోర్టులు ఒక్క సెట్టే. అందుకే పై సెంట్రింగ్ అప్పటిదాక ఆగుతది. ఎర్ర గీత ఆ షీట్ల మీదికెళ్లే పోతున్నది.

మామ: ఆగు. 21 అంటున్నవ్, ఈ రెండు తారీఖుల నడుమ 24 దినాలున్నయేంది?

కోడలు: నడుమ మూడు ఆదివారాలు...

మామ: ఆదివారం మేము పండుకుంటం. కాంక్రీటు పండుకుంటదా?

(మామ కొట్టిన మొదటి గట్టి దెబ్బ ఇది. క్లాసులో ఎవరూ అడగని ప్రశ్న.)

కోడలు: పండుకోదు. దానికి వేరే గుర్తుంది. 21 పక్కన ఈడీ అని కొడితే సెలవులు చూడకుంట వరసగ లెక్కేస్తది. ఇగో, 21కి వచ్చింది.

మామ: నేను చూడకపోతే మూడు దినాలు మింగేటిదే. ఇంకోటి విను. నువ్వు నన్ను అడిగి రోజులు రాసుకుంటవ్ కదా, ఏడు రోజుల పనికి నేను పది చెప్త. ఏ మేస్త్రి అయినా అంతే. అప్పుడు నీ డబ్బా ఏం చేస్తది?

కోడలు: నీ హాజరు పుస్తకం చూసిన. పోయిన బిల్డింగ్‌ల ఎన్ని రోజులు పట్టిందో ఆడ ఉన్నది.

మామ: నా పుస్తకం ఎవరిచ్చిండ్రు నీకు?

కోడలు: అత్తమ్మ.

మామ: ఇంట్లనే దొంగలున్నరు. పెద్ద కంపెనీలల్ల కూడా చేసిన బిడ్డా, అన్ని చూసిన. నెల కాంగనే బిల్లు కోసం ఎర్ర గీతలు కనపడకుంట సాఫ్ చేసి, ప్రింటు తీసి పంపుతరు. సైట్‌ల పిల్లర్ లేవదు, కాగితం మీద స్లాబ్ పడి ఉంటది. చేసెటోళ్లు చదువుకున్నోళ్లే. గందుకే నాకు నమ్మకం లేదు.

కోడలు: అది నిజం. అడ్డమైన షరతులు పెట్టి, ఆలస్యం కనపడకుంట చేస్తరు. అందుకే మొదటి రోజే ఒక నకలు దాచాలె, బేస్‌లైన్ అంటరు. వారానికోసారి ఏ పని ఎంతదాక వచ్చిందో నిజం రాయాలె. అప్పుడు మొదలు అనుకున్నదేంది, ఇప్పుడున్నదేంది, రెండు గీతలు ఒకదాని కింద ఒకటి కనపడ్తయ్. డబ్బులు కూడా పెట్టనవసరం లేదు. ప్రాజెక్ట్‌లిబ్రే అని ఊకెనే దొరుకుతది, ఈ పనికి చాలు. ఇప్పుడు నా మాట విను. రెండో సెట్ షీట్లు కిరాయికి తెస్తే పై సెంట్రింగ్ ఆగకుంట మొదలు పెట్టొచ్చు. కింద స్లాబ్ పడ్డంక గుంపు ఎట్లాగూ ఖాళీనే.

మామ: ఖాళీ ఎవరన్నరు?

కోడలు: షీట్లు లేవు, పని లేదు. ఏం చేస్తరు మరి?

మామ: ...కల్వకుర్తిల ఇంకో ఇల్లు పట్టిన. ఆ ఇరవై దినాలు ఆడికి పంపుత.

కోడలు: ఒక్క గుంపు, రెండు సైట్లా? మరి ఇన్ని దినాలు షీట్లు, సిమెంటు అని తిప్పినవేంది? కల్వకుర్తి కూడా ఇండ్లనే రాయాలె మామా. గుంపును ఒక వనరు కింద పెడితే ఒకే దినం రెండు కాడ పని పడ్డదని చూపిస్తది, అప్పుడు ఒకటి ఎనుకకు జరపాలె.

మామ: అది ఓనరుకు కనపడ్తదా?

కోడలు: కనపడ్తది.

మామ: అయితే బంద్ చెయ్ డబ్బా. నోటి లెక్క ఎందుకు మంచిదో ఇప్పుడు తెలిసిందా? నోటి లెక్కల గుంపు యాడున్నదో ఎవ్వనికి తెల్వది.

కోడలు: ఓనరు సంగతి కూడా అండ్లనే కనపడ్తది కదా. టైల్స్ ఏ రంగో తేల్చలే, రెండో వాయిదా పైసలియ్యలే, మెట్లు ఎటు దిక్కు పెట్టాల్నో రెండుసార్లు మార్చిండు. నాడు నకలు దాచి ఉంటే, ఎవని వల్ల ఎన్ని రోజులు పోయినయో మాఘమాసంల పంచాయితీ పెట్టినప్పుడు చూపియ్యొచ్చు. నోటి లెక్కతోని పోతే ఆయన నోరే పెద్దది, ఆయన పైసలిచ్చేటోడు.

మామ: మెట్లు మార్చినందుకు ఎన్ని దినాలు పోయినయ్?

కోడలు: నీ హాజరు పుస్తకం ప్రకారం పదకొండు.

మామ: ముందుగాల అది రాయి. కల్వకుర్తి సంగతి ఎనుక చూద్దాం.

కోడలు: రెండు ఒక్కసారే రాస్త.

మామ: నేను ఎనుక అంటున్న కదా!