సవరణ: తేనె, డీఎన్‌ఏ గురించి

"రోజూ రెండు చెంచాల తేనె తీసుకుంటే డీఎన్‌ఏ దెబ్బతినదు" అని మొన్న రాశాను. అది తప్పు. తేనెలోని ఫ్లేవనాయిడ్లు, ఫినాలిక్ ఆమ్లాలు అనే మొక్కల పదార్థాలు ఫ్రీ రాడికల్స్‌ను (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను) అడ్డుకుని డీఎన్‌ఏను కాపాడతాయని చెప్పినవి ఎక్కువగా ల్యాబ్‌లో కణాల మీద చేసిన ప్రయోగాలు. కణాల మీద నేరుగా తేనె వేసి చూడటం వేరు, మనం తిన్నది అరిగి రక్తంలో కలవడం వేరు. పైగా నీళ్లు కలిసిన తేనెలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతుంది, అది డీఎన్‌ఏను దెబ్బతీయగల పదార్థం. ఆ సంగతి నేను అసలు రాయలేదు.

ముదురు రంగు తేనెలో సాధారణంగా యాంటీఆక్సిడెంట్లు (ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునే పదార్థాలు) ఎక్కువన్న మాట మాత్రం నిజమే. అయినా తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. షుగర్ ఉన్నవాళ్లు దయచేసి నా పాత మాట పట్టుకుని మొదలుపెట్టకండి. ఏడాది నిండని పిల్లలకైతే నాకించనే వద్దు, బొటులిజం (బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు) ప్రమాదం ఉంది.