లెక్కలో పరీక్ష ఖర్చేది?

బాణసంచా సరదా ఉన్నవాళ్లు ఆక్సీకారకాలను (మందు మండడానికి ఆక్సిజన్ అందించే రసాయనాలను) కొనే కంటే ఇంట్లో తయారు చేసుకోవడమే చవక అన్న వ్యాసకర్త లెక్క చూశాను. కరెంటు ఖర్చు వేశారు, ఉప్పు ధర వేశారు. శుద్ధత పరీక్షకు మాత్రం ఒక్క రూపాయి కూడా వేయలేదు! ఇంట్లో తీసిన పెర్‌క్లోరేట్ అనే ఆక్సీకారకంలో, దానికంటే ప్రమాదకరమైన క్లోరేట్ కాస్త మిగిలిపోయినా కంటికి తెలియదు, రెండూ తెల్లటి పొడులే. ఆ క్లోరేట్‌కు గంధకం తగిలితే అంటుకోవడానికి చిన్న రాపిడి చాలు. మన దేశంలో ఆ రెండింటి మిశ్రమాన్ని 1992లోనే నిషేధించింది ఊరికే కాదు.

మా కోనసీమలో దీపావళికి ఇళ్లలో మతాబులు, చిచ్చుబుడ్లు, సిసింద్రీలు కూరడం పాత అలవాటే. అయినా మా ఇంట్లో వాడే ఆక్సీకారకం, అంటే సురేకారం, ఎప్పుడూ కొట్లో కొన్నదే. మా పెదనాన్న దాన్ని విడిగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించేవారు. గంధకం నూరిన కల్వాన్ని ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు. మమ్మల్ని సరేసరి, అరుగు దిగి పొమ్మనేవారు.

ఇక వ్యాసంలో చవకని సూచించిన సోడియం నైట్రేట్ గాలిలోని తేమను లాగేసుకుంటుంది. ఆశ్వయుజం వానల్లో, ఈ కాలువగట్ల ఊళ్లలో అది తెల్లారేసరికి ముద్దే. ఆకుపచ్చ రంగు కోసం బేరియం నైట్రేట్ అన్నారు. బాణసంచాలో బేరియం లవణాలను సుప్రీంకోర్టు 2018లోనే నిషేధించింది కాబట్టి కొనాలా, చేయాలా అన్న చర్చే అనవసరం. లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరమన్న మాట వ్యాసంలో ఎక్కడా లేదు. సంపాదకులు కనీసం అదైనా చేర్చాలి.