చేయి చాచేది ఎవరు?

బ్రిటన్‌లోని మన తెలుగు సంఘాల ఉగాది సభలో వేదిక మీదికి ఎవరెవరిని పిలుస్తారో అందరికీ తెలిసిందే. ముఖ్య అతిథికి శాలువా, పెద్ద మొత్తం ఇచ్చిన దాతకు జ్ఞాపిక, పిల్లలకు నాట్యం నేర్పిన గురువుగారికి పుష్పగుచ్ఛం ఇస్తాం. ఊళ్లోని బడికి మరుగుదొడ్లు కట్టించాలని మనందరికీ ఉత్తరం రాసినవారు, ఆ ఉత్తరాన్ని వందల ఇళ్లకు చేర్చినవారు, ఏడాది తరువాత ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ మేస్త్రీకి వెళ్లిందో లెక్కలతో సహా తెలియజేసినవారు మాత్రం సభలో ఏదో మూల కుర్చీలు సర్దుతూ ఉంటారు. బ్రిటన్ సేవాసంస్థల రంగంలో ఈ పనిచేసేవారికి ప్రత్యేకంగా ఉద్యోగాలు ఉన్నాయి, ఏటా బహుమతులు కూడా ఉన్నాయి. విరాళాల విజ్ఞప్తికి, ప్రచార చిత్రానికి, వార్షిక నివేదికకు విడివిడిగా పోటీలు జరుగుతాయి. ఆ అలవాటు మనకూ రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అయితే బహుమతి ఇవ్వడం కంటే దేనికి ఇవ్వాలో తేల్చుకోవడం కష్టం. ఈ విషయంలో ఇక్కడి రంగం దాదాపు నూట యాభై ఏళ్లుగా తప్పటడుగులు వేస్తూ, దిద్దుకుంటూ వస్తోంది కనుక, ఆ అనుభవాన్ని చూసి మనం ముందే జాగ్రత్తపడవచ్చు.

అందరికీ వెంటనే తట్టే కొలత డబ్బు. ఏ ప్రచారానికి ఎక్కువ విరాళాలు వచ్చాయో దానికే బహుమతి ఇస్తే వాదనకు తావుండదని అనిపిస్తుంది. ఆ కొలతను పట్టుకుని వెళ్లిన దారి ఎక్కడికి చేరిందో 2015లో బ్రిస్టల్‌లో బయటపడింది. జీవితమంతా సేవాసంస్థల కోసం విరాళాలు సేకరించిన 92 ఏళ్ల వృద్ధురాలు ఆ ఏడాది మరణించారు. ఆమె వివరాలు 99 సంస్థల దగ్గర ఉన్నాయని, అవి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారాయని తరువాత జరిగిన విచారణ తేల్చింది. ఆమె మరణానికి ఆ ఉత్తరాలు కారణం కాదని కుటుంబమే చెప్పినా, ఒక ఇంటి తలుపు సందులోంచి అన్నన్ని విజ్ఞప్తులు వచ్చి పడుతుండేవని విన్న దేశం ఊరుకోలేదు. 2016లో విరాళాల సేకరణను పర్యవేక్షించే ఫండ్‌రైజింగ్ రెగ్యులేటర్ ఏర్పడింది. ఇక మాకు రాయవద్దని ఎవరైనా ఒక్క మాట చెబితే సంస్థలు ఆగిపోవలసిన ఏర్పాటు 2017లో వచ్చింది. ఆ ఉత్తరాలలో చాలావాటిని ఎంతో నేర్పు ఉన్నవారే రాసి ఉంటారు. ఒక్కొక్కటీ తన లెక్కలో విజయమే అయి ఉండవచ్చు.

డబ్బు కొలత కాదంటే, మనసును కదిలించే శక్తిని కొలతగా తీసుకోవచ్చు కదా అనేది రెండో ఆలోచన. దీని చరిత్ర ఇంకా పాతది. లండన్ తూర్పు పేటలలో అనాథ పిల్లల కోసం ఆశ్రమాలు నడిపిన థామస్ బర్నార్డో 1870లలో పిల్లల ఫొటోలు తీయించి, చేరకముందు ఒకటి, చేరిన తరువాత ఒకటి చొప్పున జతలుగా కార్డులు అమ్మేవారు. చింకి గుడ్డలతో ఉన్న పిల్లవాడు రెండో బొమ్మలో శుభ్రంగా దువ్వుకుని పనిలో నిలబడి ఉంటాడు. ఆ చింకి గుడ్డలలో కొన్ని ఫొటో కోసమే కల్పించినవన్న ఆరోపణ వచ్చి, 1877లో మధ్యవర్తుల ముందు విచారణ జరిగింది. ఆశ్రమం మీద వచ్చిన మిగతా ఆరోపణలలో చాలావాటిని వారు కొట్టేసినా, ఈ కల్పిత చిత్రాలను మాత్రం తప్పుపట్టారు. పని మంచిదే, పిల్లల అవసరమూ నిజమే. అయినా చూసేవాడి కంట నీరు రావాలన్న తొందరలో, ఆ పిల్లవాడు ఉన్నదానికంటే దీనంగా కనిపించవలసి వచ్చింది.

ఈ తొందర మన కాలంలోనూ పోలేదని నార్వే విద్యార్థుల సేవాసంస్థ ఒకటి, ఎస్‌ఏఐహెచ్ దాని పేరు, నవ్విస్తూనే నిరూపించింది. 2012లో ఆ సంస్థ విడుదల చేసిన వీడియోలో ఆఫ్రికా యువకులు చలికి వణుకుతున్న నార్వే ప్రజల మీద జాలిపడి, వారికి గదులు వెచ్చబెట్టే రేడియేటర్లు పంపించడానికి చందాలు వసూలు చేస్తారు. ఆ హాస్యం ఎంతగా అంటుకుందంటే, 2013 నుంచి 2017 వరకు ఆ సంస్థ ఏటా సేవారంగ ప్రచార చిత్రాలకు రెండు బహుమతులు ప్రకటించింది. మంచిదానికి బంగారు రేడియేటర్, చెడ్డదానికి తుప్పుపట్టిన రేడియేటర్. మన పండుగ సభల్లో రెండో బహుమతి పెడితే ఎన్ని స్నేహాలు మిగులుతాయో చెప్పలేను గానీ, 2017 ఫలితాలు మాత్రం పక్కపక్కన పెట్టి చూడదగినవి. తుప్పు రేడియేటర్ బ్రిటన్ సేవాసంస్థ కామిక్ రిలీఫ్ కోసం తీసిన చిత్రానికి వెళ్లింది. అందులో గాయకుడు ఎడ్ షీరన్ లైబీరియాలో వీధిపిల్లలను కలుస్తారు. పడవల్లో పడుకునే ఆ పిల్లలకు తలదాచుకునే చోటు తన డబ్బుతో ఏర్పాటు చేస్తానని కెమెరా ముందే అంటారు. ఆయన మనసులో కల్మషం ఉందని ఎవరూ అనలేదు. చిత్రం నిండా ఆయనే ఉన్నారని, పిల్లలు ఆయన దయకు నేపథ్యంగా మిగిలారని మాత్రమే విమర్శ. బంగారు రేడియేటర్ అందుకున్నది వార్ చైల్డ్ సంస్థ హాలండ్ విభాగం. వారి చిత్రంలో శరణార్థుల శిబిరంలో ఒక పిల్లవాడు బ్యాట్‌మన్‌తో కలిసి పరుగెత్తుతాడు, గాలిపటం ఎగరేస్తాడు, నవ్వుతాడు. చివరికి చూస్తే ఆ బ్యాట్‌మన్ వాళ్ల నాన్నే. యుద్ధం ఆ పిల్లవాడి నుంచి ఏమి లాక్కుందో మనకు అర్థమవుతుంది, కానీ అతడు ఎక్కడా మన ముందు చేయి చాచడు. 2020లో కామిక్ రిలీఫ్ తారలను ఆఫ్రికాకు పంపి చిత్రాలు తీయడం మానేస్తామని, అక్కడి దర్శకులతోనే తీయిస్తామని ప్రకటించింది. మూడేళ్ల ముందు తగిలిన ఆ తుప్పు రేడియేటర్ కూడా దానికి కొంత కారణమని నేను అనుకుంటున్నాను.

చేయి చాచేది ఎవరన్న ఈ ప్రశ్నకు తెలుగువారి దగ్గర ఒక పాత జవాబు ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు దాదాపు 10 వేల మంది చనిపోయారని లెక్క కట్టారు, అంతకు మించే పోయారని ఆ ప్రాంతంవారు నేటికీ చెబుతారు. అప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి అగ్రనటులు వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు. తెర మీద కృష్ణుడుగా, చక్రవర్తులుగా చూసిన మనిషి గుమ్మం ముందు బట్ట చాచి నిలబడితే, ఇంట్లో ఉన్న చిల్లర కూడా తెచ్చి వేసినవారు ఉన్నారు. ప్రచార కళగా చూస్తే అందులో ఒక సూక్ష్మం ఉంది. అడగడంలో ఉండే చిన్నతనాన్ని ఆ నటులు తమ మీద వేసుకున్నారు. ఇల్లూ బిడ్డలూ పోగొట్టుకున్న దివిసీమ మనిషిని ఊరూరా తిప్పి చూపించవలసిన అవసరం రాలేదు. షీరన్ చిత్రంలో తార ఇచ్చేవాడి స్థానంలో ఉన్నాడు, ఇక్కడ తార అడిగేవాడి స్థానంలో ఉన్నాడు. నాకు తెలిసినంతలో సేవారంగ ప్రచారంలో మంచిచెడ్డలను విడదీసే గీత ఇక్కడే ఉంది.

2014 వేసవిలో ప్రపంచమంతా నెత్తిన చల్లటి నీళ్లు కుమ్మరించుకున్న ఐస్ బకెట్ సవాలును ఈ గీత మీద పెట్టి చూడండి. ఏఎల్ఎస్ అనే నరాల వ్యాధి గురించి జరిగిన ఆ ప్రచారాన్ని ముందుకు తోసినవారిలో పీట్ ఫ్రేట్స్, ప్యాట్ క్విన్ ఇద్దరూ ఆ వ్యాధిగ్రస్తులే. రోగులే ఆటకు నియమాలు చెప్పారు, వణికింది ఆరోగ్యవంతులు. అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో కొంత డబ్బుతో సాగిన పరిశోధన 2016లో ఆ వ్యాధితో సంబంధమున్న ఎన్‌ఈకే1 అనే జన్యువును గుర్తించడానికి తోడ్పడింది. అదే ఆగస్టులో హైదరాబాదు పాత్రికేయురాలు మంజులత కళానిధి, నీటికి కటకటలాడే చోట బకెట్లకొద్దీ నీళ్లు పారబోయడం దేనికని, బకెట్ బియ్యం ఆకలిగా ఉన్నవారికి ఇమ్మని రైస్ బకెట్ సవాలు మొదలుపెట్టారు. విదేశపు సరదాను మన నేల అవసరానికి అంత చురుకుగా మలిచిన ఆలోచన ఇటీవల మరొకటి కనిపించదు, ఏ అవార్డుకైనా ఆమె అర్హురాలే. ఒక్క చిక్కు మాత్రం ఉంది. ఇచ్చి, ఫొటో తీసి, ఫేస్‌బుక్‌లో పెట్టాలన్నది ఆ సవాలు పద్ధతి. దానితో నీళ్ల బకెట్ ఫొటోలో దాత ఒక్కడే తడిసి నిలబడితే, బియ్యం బకెట్ ఫొటోల్లో పుచ్చుకునే మనిషి ముఖం కూడా చేరింది. ఆ ముఖాన్ని వదిలేసి, బియ్యం బకెట్‌తో దాత మాత్రమే కనబడి ఉంటే ప్రచారం ఏ మాత్రం తగ్గేది కాదు.

అసలు అడగకుండానే సాగే ప్రచారం మరొకటి ఉంది. 1824లో మొదలై, ఎక్కువగా స్వచ్ఛంద సేవకులతోనే బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో ప్రాణరక్షక పడవలు నడిపే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ 2021 జూలైలో చిక్కుల్లో పడింది. చిన్న రబ్బరు పడవల్లో ఇంగ్లిష్ ఛానెల్ దాటుతూ ఆపదలో పడ్డ వలసదారులను కాపాడినందుకు, ఆ సంస్థ టాక్సీ సర్వీసు నడుపుతోందని రాజకీయ నాయకుడు నైజల్ ఫరాజ్ వంటివారు విమర్శించారు. ఇలాంటి వేళ చాలా సంస్థలు ఎవరినీ నొప్పించని నాలుగు వాక్యాలు రాసి, గాలి తగ్గేదాకా తలుపు వేసుకుంటాయి. ఆర్‌ఎన్‌ఎల్‌ఐ రక్షణ చర్య వీడియోను, అందులో పాల్గొన్న సేవకుల మాటలను బయటపెట్టింది. సముద్రంలో మునిగేవాడు ఎవడు, ఎక్కడివాడు అని తాము అడగబోమని, ఆ పనికి గర్విస్తున్నామని స్పష్టంగా చెప్పింది. ఆ ప్రకటనలో విరాళం కోసం వేడుకోలు లేదు. అయినా ఒక్క రోజులో 2 లక్షల పౌండ్లకు పైగా వచ్చి పడ్డాయి. ఆ వాక్యాలు రాసినవారు ఎవరో బయటివారికి తెలియదు, నా చేతిలో శాలువా ఉంటే మొదట వారికే కప్పుతాను.

బాధను చూపించకపోతే ఎవరు కదులుతారని అడిగేవారు ఉంటారు, అది తేలికగా తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. 1984 అక్టోబరు 23న బీబీసీలో ఇథియోపియా కరువు గురించి మైకేల్ బ్యూర్క్ వార్తాకథనం వచ్చింది. కెన్యాకు చెందిన మొహమ్మద్ అమీన్ కెమెరా పట్టిన ఆ దృశ్యాలే లేకపోతే, మరుసటి ఏడాది జూలై 13న వెంబ్లీలోనూ ఫిలడెల్ఫియాలోనూ జరిగిన లైవ్ ఎయిడ్ విరాళాల కచేరీ లేదు, ప్రపంచం చలించడమూ లేదు. చావు ముంచుకొస్తున్నప్పుడు దాచిపెట్టడం కూడా ద్రోహమే. కానీ అది వార్త. ఆ తరువాత దశాబ్దాల పాటు కరువు లేని చోట కూడా అదే ఆకలి ముఖం, దాని మీద అదే ఈగ, అదే విషాద సంగీతం వాడుకోవడం అలవాటు. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని సమర్థించుకోవడం కుదరదు.

ఇక మన ఫొటోల సంగతి. సంఘం డబ్బుతో ఏదో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ బ్యాగులు పంచిన రోజు వాట్సాప్‌లో వచ్చే చిత్రం ఒకసారి తీరిగ్గా చూడండి. పైన బ్యానర్, బ్యానర్ మీద ఏ ఆరుగురో పెద్దల బొమ్మలు, దాని కింద కుర్చీల్లో అతిథులు, వారి ముందు నేల మీద బ్యాగును గుండెకు హత్తుకుని ఎండకు కళ్లు చిట్లించుకుంటున్న పిల్లలు. బ్యాగు మీద పిల్లవాడి పేరు రాసుకునే చోట దాత పేరు అచ్చయి ఉంటుంది. కింద రాసే వాక్యంలో నిరుపేద విద్యార్థులు అన్న మాట తప్పనిసరి. ఈ రోజున ఆ పిల్లల ఇళ్లలోనూ ఫోన్లు ఉన్నాయి, ఆ ఫొటో సాయంత్రానికి వారి చేతికే వస్తుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి తోటి పిల్లల ముందు తలెత్తుకోలేని వాక్యాన్ని మనం ఎంతో ప్రేమతోనే రాసి పంపిస్తున్నాం. అదే స్థలంలో, ఆ బడికి ఏమి లోటు ఉంది, మనం ఎంత పంపాం, ఇంకా ఎంత కావాలి, అడుగుతున్నది ఎవరు అని మన పేరుతో, మన ముఖంతో చెబితే డాలర్లూ పౌండ్లూ తగ్గుతాయని నేను నమ్మను.

2017లో సేవ్ ద చిల్డ్రన్ బ్రిటన్ విభాగం తన ప్రచార చిత్రాల్లో కనిపించినవారినే, జోర్డాన్, బంగ్లాదేశ్, నైజర్, బ్రిటన్‌లలో కలిసి, వారి అభిప్రాయాలు సేకరించి ప్రచురించింది. అంత పెద్ద అధ్యయనం మనకు సాధ్యం కాకపోవచ్చు గానీ, న్యాయనిర్ణేతల్లో ఒకరిని ఆ వైపు నుంచి తీసుకోవడానికి ఖర్చేమీ లేదు. కంటి శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన కావచ్చు, ప్రధానోపాధ్యాయురాలు కావచ్చు, వీడియో కాల్‌లో గంటసేపు కూర్చుంటే చాలు. వచ్చే ఉగాదికి ఈ బహుమతి పెట్టదలిస్తే కార్యవర్గం నిబంధనల్లో మొదట ఇది రాయాలి: పోటీకి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ, ప్రతి వీడియోనూ అందులో కనిపించిన కుటుంబానికి ముందుగా చదివి వినిపించాలి, చూపించాలి. వారు వద్దంటే, అది ఎన్ని వేల పౌండ్లు తెచ్చినదైనా పోటీలో ఉండకూడదు.