నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్: దీనికి మైక్రోకంట్రోలర్ తప్పనిసరి అనే మాట తప్పు

ఈమధ్య ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్ల మధ్య ఒక పోస్టు తెగ షేర్ అవుతోంది. మామూలు పుష్ బటన్‌ని ఒకసారి నొక్కితే ఆన్, ఇంకోసారి నొక్కితే ఆఫ్ అయ్యేలా చెయ్యాలంటే మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న చిప్) పెట్టి కోడ్ రాయాల్సిందే అని. కారణాలు కూడా చెప్తున్నారు: బౌన్స్‌ని (నొక్కినప్పుడు కాంటాక్టులు కొట్టుకోవడాన్ని) సాఫ్ట్‌వేర్ తప్ప ఏదీ ఆపలేదు, ఫ్లిప్‌ఫ్లాప్ (ఆన్ లేదా ఆఫ్ అనే ఒక్క స్థితిని గుర్తుపెట్టుకునే సర్క్యూట్) ఐసీకి కెపాసిటర్ పెట్టినా నమ్మకంగా పనిచెయ్యదు, బటన్ పట్టుకునే ఉంటే అవుట్‌పుట్ కొట్టుకుంటూనే ఉంటుంది, పవర్ ఇచ్చినప్పుడు ఆన్‌లో లేస్తుందో ఆఫ్‌లో లేస్తుందో తెలీదు, పైగా బ్యాటరీ తినేస్తుంది. వీటిల్లో ఒకటి రెండు చోట్ల కొంత నిజం ఉంది, కానీ దాన్ని పట్టుకుని చివరికి తేల్చింది మాత్రం తప్పు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ మాట నమ్మి ఇంత మంచి సర్క్యూట్‌ని అసలు చేసి చూడకుండానే వదిలేస్తున్నారు, నా బాధంతా అదే. ఒక్క బిట్‌ని గుర్తుపెట్టుకునే సర్క్యూట్‌కి ఎకిల్స్, జోర్డాన్ అనే ఇద్దరు 1918లోనే పేటెంట్‌కి అప్లై చేశారు, అదీ రెండు వాక్యూమ్ ట్యూబులతో. అప్పటికి ప్రోగ్రామ్ రాసే చిప్ అనేదే లేదు.

ముందు బౌన్స్ సంగతి. బటన్ నొక్కినప్పుడు లోపల లోహపు కాంటాక్టులు ఒకేసారి అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్ల పాటు తగులుతూ విడిపోతూ ఉంటాయి. మన వేలికి అది ఒక్క నొక్కుడే కానీ ఐసీకి మాత్రం అయిదారు నొక్కుల్లా కనపడుతుంది, అందుకే ఒకసారి ఆన్ అవుతుంది, ఒకసారి అవ్వనట్టే ఉంటుంది. ఇంతవరకు కరెక్టే. అయితే సాఫ్ట్‌వేర్ ఇక్కడ చేసేది ఏంటి? మొదటి మార్పు చూసి ఒక 20 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూడటం, అంతే. ఆ ఆగడం అనేది ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ కూడా చేస్తాయి: 100కె రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కలిస్తే 10 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టాంట్ (వోల్టేజ్ ఎంత మెల్లగా మారుతుందో చెప్పే కొలత) వస్తుంది, కావాలంటే కెపాసిటర్ కొంచెం పెంచుకోవచ్చు.

ఇక "కెపాసిటర్ పెట్టినా 4013 అనే ఫ్లిప్‌ఫ్లాప్ ఐసీ పిచ్చిగా మారుతోంది" అనే రెండో మాట. ఇది చాలామందికి నిజంగా జరిగేదే, అందుకే ఈ పోస్టుని అంత మంది నమ్ముతున్నారు. కారణం మాత్రం ఫ్లిప్‌ఫ్లాప్ కాదు. సీడీ4013లో డీ అనే ఇన్‌పుట్‌ని (పిన్ 5) క్యూ బార్ అనే తిరగేసిన అవుట్‌పుట్‌కి (పిన్ 2) కలిపితే క్లాక్ పిన్ (3) మీద వోల్టేజ్ పైకి లేచిన ప్రతిసారీ అవుట్‌పుట్ తిరగబడుతుంది. ఆ లేవడం మాత్రం చకచకా జరగాలి, 5 వోల్ట్ల దగ్గర డేటాషీట్ ఒప్పుకునేది ఓ 15 మైక్రోసెకన్ల లోపే. మనం 10 మిల్లీసెకన్ల ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్ జంట) తెచ్చి నేరుగా క్లాక్ పిన్‌కి తగిలిస్తే సగం వోల్టేజ్ దగ్గర ఒక్క 0.1 వోల్ట్ దాటడానికే సుమారు 400 మైక్రోసెకన్లు పడుతుంది, అంతసేపు క్లాక్ అటూ ఇటూ కాని చోట వేలాడుతుంటే సప్లై మీద వచ్చే చిన్న నాయిస్ కూడా ఇంకో క్లాక్ లాగా లెక్కలోకి వచ్చేస్తుంది. అంటే బౌన్స్ తీసేశాం గానీ దాని చోట ఇంకో జబ్బు తెచ్చిపెట్టాం. మందు కూడా తెలిసిందే, మధ్యలో ఒక ష్మిట్ ట్రిగ్గర్ గేట్ (సీడీ40106లో ఒకటి చాలు) పెడితే మెల్లగా లేచే వోల్టేజ్ కాస్తా పదునైన అంచుగా మారిపోతుంది. అదే సీడీ4017 కౌంటర్‌లో అయితే క్లాక్ ఇన్‌పుట్ లోపలే ష్మిట్ ట్రిగ్గర్ ఉంటుంది కాబట్టి దానికి ఆర్‌సీ నేరుగా ఇవ్వొచ్చు, క్యూ2ని (పిన్ 4) రీసెట్‌కి (పిన్ 15) కలిపితే క్యూ1 (పిన్ 2) మీద ఆన్-ఆఫ్ వస్తుంది. ఒకే పద్ధతి ఒక ఐసీతో పనిచేసి ఇంకోదానితో ఎందుకు తేడా కొడుతుందో ఇదొక్కటి తెలిస్తే అర్థమైపోతుంది.

కొంతమంది ఆర్‌సీని క్లాక్ దగ్గర తీసేసి క్యూ బార్‌కి, డీకి మధ్య పెట్టమంటారు. నొక్కినప్పుడు వచ్చే బౌన్స్‌కి అది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే డీ ఇంకా పాత విలువలోనే ఉంటుంది. కానీ బటన్ కాసేపు పట్టుకుని వదిలితే ఆపాటికి డీ మారిపోయి ఉంటుంది, వదిలేటప్పుడు వచ్చే బౌన్స్‌తో మళ్లీ తిరగబడుతుంది. కాబట్టి అదొక్కటే చాలదు.

మూడోది, పట్టుకునే ఉంటే కొట్టుకుంటుందని. 4013 క్లాక్ పైకి లేచే అంచు దగ్గర మాత్రమే మారుతుంది కాబట్టి ఎంతసేపు పట్టుకున్నా దానికి సంబంధం లేదు. బహుశా ఈ మాట 555 అనే టైమర్ ఐసీ సర్క్యూట్ గురించి పుట్టి ఉంటుంది, అదీ విలువలు తప్పుగా వేస్తేనే. సరిగ్గా వేస్తే ఎలా ఉంటుందో చూడండి, నాకు అన్నిట్లోకీ ఇదే ఇష్టం. పిన్ 2, 6 కలిపేసి రెండు 10కె రెసిస్టర్లతో సప్లైలో సగం దగ్గర నిలబెడతాం, పిన్ 4 సప్లైకి. అవుట్‌పుట్ (పిన్ 3) నుంచి 100కె ద్వారా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని రెండో కాలు గ్రౌండ్‌కి. బటన్ ఆ కెపాసిటర్‌ని 2, 6 పిన్నులకి కలుపుతుంది. అవుట్‌పుట్ ఆన్‌లో ఉంటే కెపాసిటర్ నిండుగా ఉంటుంది, నొక్కగానే పిన్ 6 సప్లైలో మూడింట రెండు వంతులు దాటి అవుట్‌పుట్ ఆఫ్ అవుతుంది; ఆఫ్‌లో ఉంటే కెపాసిటర్ ఖాళీ, నొక్కగానే పిన్ 2 మూడో వంతు కిందకి పడి ఆన్ అవుతుంది. బటన్ అలాగే పట్టుకుంటే? 100కె లాగుడు ఆ రెండు 10కె రెసిస్టర్ల ముందు ఏపాటి, పిన్ దాదాపు సగం దగ్గరే ఉండిపోతుంది, ఏమీ మారదు. వదిలాక కూడా కెపాసిటర్ సగం నుంచి మూడో వంతుకి దిగాలంటే సుమారు 40 మిల్లీసెకన్లు కావాలి, ఆలోపు బౌన్స్ మొత్తం అయిపోతుంది. అంటే డిబౌన్స్ విడిగా పెట్టక్కర్లేదు, సర్క్యూట్‌లోనే ఉంది. ఒక జాగ్రత్త, 5 వోల్ట్ల మీద నడపాలంటే సీమాస్ 555 (తక్కువ కరెంట్ తీసుకునే రకం, 7555 లాంటిది) వాడండి, పాత ఎన్‌ఈ555 అవుట్‌పుట్ సప్లై కన్నా వోల్ట్ పైనే తక్కువ ఇస్తుంది కాబట్టి మూడింట రెండు వంతులు దాటడం కష్టం అవుతుంది.

పవర్ ఇచ్చినప్పుడు ఎలా లేస్తుంది అనేదానికి రెండు పార్టులు చాలు. 4013 రీసెట్ పిన్‌కి (4) సప్లై నుంచి 0.1 మైక్రోఫారడ్, గ్రౌండ్‌కి 100కె, ఇక ఎప్పుడూ ఆఫ్‌లోనే లేస్తుంది. సెట్ పిన్ (6) గ్రౌండ్‌కి కలపండి, వాడని రెండో సగం ఇన్‌పుట్లు కూడా గాల్లో వదలొద్దు.

బ్యాటరీ మాట ఎన్‌ఈ555కి అయితే ఒప్పుకుంటాను, 5 వోల్ట్ల దగ్గరే 3 మిల్లీఆంప్స్ దాకా ఊరికే తాగుతుంది. కానీ 4013 ఖాళీగా కూర్చున్నప్పుడు మైక్రోఆంప్ కూడా తీసుకోదు. 7555 వాడి రెసిస్టర్లన్నీ పది రెట్లు పెంచి కెపాసిటర్ పదోవంతు చేస్తే టైమింగ్ అదే ఉంటుంది, కరెంట్ మాత్రం మైక్రోఆంప్స్‌లోకి దిగిపోతుంది. దీనికి బదులు మైక్రోకంట్రోలర్ ఉన్న ఆర్డుయినో యూనో బోర్డు పెట్టి వదిలేస్తే అది పదుల మిల్లీఆంప్స్ లాగుతుంది. స్లీప్‌లో పెట్టిన చిన్న మైక్రోకంట్రోలర్ మాత్రం 4013తో సమానంగా వస్తుంది, అది నిజమే.

ఆ పోస్టులో అసలు రాయని సంగతి ఇంకొకటుంది, రిలే (కాయిల్‌కి కరెంట్ ఇస్తే పనిచేసే స్విచ్). 4013 అవుట్‌పుట్ 5 వోల్ట్ల దగ్గర ఓ మిల్లీఆంప్ ఇస్తే గొప్ప, చిన్న 5 వోల్ట్ రిలే కాయిల్‌కి 70 దాకా కావాలి. మధ్యలో ట్రాన్సిస్టర్ ఉండాలి, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఉండాలి, క్యాథోడ్ పాజిటివ్ వైపు. డయోడ్ లేకపోతే రిలే ఆఫ్ అయినప్పుడు వచ్చే స్పైక్‌కి ట్రాన్సిస్టర్ అయినా పోతుంది, లేదా ఫ్లిప్‌ఫ్లాప్ మళ్లీ తిరగబడుతుంది, అప్పుడు కూడా తిట్లు తినేది ఫ్లిప్‌ఫ్లాపే. ఈ స్పైక్ మైక్రోకంట్రోలర్‌ని కూడా వదలదు, రీసెట్ చేసి పారేస్తుంది.

మైక్రోకంట్రోలర్ నిజంగా కావాల్సింది ఎక్కువసేపు నొక్కితే ఒక పని, రెండుసార్లు టకటకా నొక్కితే ఇంకో పని అన్నప్పుడు. పవర్ పోయి వచ్చాక పాత స్థితి గుర్తుండాలన్నా అది పనికొస్తుంది, అయితే ఈఈప్రామ్‌లో (పవర్ పోయినా చెరిగిపోని మెమరీ) దాచేలా కోడ్ రాయాలి, రాయకపోతే అదీ మర్చిపోతుంది. ఆ ఒక్క గుర్తే కావాలంటే మాత్రం లాచింగ్ రిలే ఉంది, కాయిల్‌కి ఒక్క పల్స్ ఇస్తే పవర్ తీసేసినా కాంటాక్ట్ ఎక్కడిది అక్కడే ఉంటుంది.