రిజిస్ట్రేషన్ అయ్యాక బయటపడ్డ లోపాలన్నీ కొన్నవాడి ఖర్మేనా?

"ఇల్లు రిజిస్టర్ అయ్యాక బిల్డర్‌కీ, అమ్మినవాడికీ ఏ బాధ్యతా ఉండదు. స్లాబ్ కారినా, గోడ నెర్రెలిచ్చినా ఖర్చు మీదే. తాళాలు తీసుకుంటూ సంతకం పెట్టారంటే కోర్టు కూడా వినదు." ఈ వాట్సాప్ ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. ఇల్లు కొన్నవాళ్లకు టెన్షన్ పెంచడం, బిల్డర్లకు పని తప్పించడం తప్ప దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

బిల్డర్ సంగతే ముందు చూద్దాం. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో 14(3) సెక్షన్ ఉంది. ఇల్లు స్వాధీనం చేసిన రోజు నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం ఉందని చెబితే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. గడువు లెక్క రిజిస్ట్రేషన్ నుంచి కాదు, పొజెషన్ నుంచి. ఆ 5 ఏళ్లలోపే రీసేల్‌లో కొన్నా చట్టం దృష్టిలో మీరూ అలాటీయే, అంటే బిల్డర్ దగ్గర కొన్నవాడితో సమానమే.

అసలు చిక్కు ఆ "చెప్పడం" దగ్గరే. సైట్ ఇంజినీరుకు ఫోన్ చేస్తే "మేస్త్రీని పంపిస్తా సార్" అంటాడు. మేస్త్రీ వచ్చి పగుల్లో ఇంత పుట్టీ కూరి, పైన రంగు పూసి పోతాడు. వానాకాలం రాగానే అదే గోడ, అదే చెమ్మ. ఇలా రెండు మూడు వానాకాలాలు గడిస్తే గడువు కరిగిపోతుంది, చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. అందుకే ఫిర్యాదు ఈమెయిల్‌లోనో, రిజిస్టర్డ్ పోస్టులోనో వెళ్లాలి. విసిగిపోయి సొంత డబ్బుతో పగలగొట్టించే ముందు ఫొటోలు తీసి, స్ట్రక్చరల్ ఇంజినీరు చేత రిపోర్టు రాయించుకోండి. మరమ్మతు అయిపోయాక లోపాన్ని రుజువు చేయడం చాలా కష్టం.

సంతకం మాటకొస్తే, తాళాలిచ్చే రోజు కంటికి కనబడేవి గీతలు పడ్డ టైల్సు, బిగుసుకుపోయిన తలుపులే. గోడలోపలి పైపు జాయింటు ఆర్నెల్లకు కారుతుందని ఆ రోజు ఎవరికి తెలుసు? అలా తర్వాత బయటపడే వాటి కోసమే చట్టం 5 ఏళ్లు ఇచ్చింది. ఒప్పందంలో బిల్డర్ రాసుకున్న ఏకపక్ష షరతులు అనుచిత వ్యాపార పద్ధతేనని సుప్రీంకోర్టు 2019లో పయనీర్ అర్బన్ అనే బిల్డర్ కంపెనీ కేసులో చెప్పింది కూడా.

పాత ఇల్లు మరో మనిషి దగ్గర కొంటే? ఇక్కడ ఫార్వర్డ్‌లో కాస్త నిజముంది. అమ్మిన వ్యక్తి బిల్డర్ కాదు కాబట్టి అతని మీద రెరా పనిచేయదు, వినియోగదారుల కమిషన్ కూడా సాధారణంగా తీసుకోదు. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఉంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపాన్ని చెప్పకుండా దాస్తే అది మోసమే. తుప్పు మరకలతో పెచ్చులూడుతున్న స్లాబ్ కింద కొత్తగా ఫాల్స్ సీలింగ్ కొట్టించి అమ్మడం అలాంటిదే. సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. అతనికి ముందే తెలుసని చూపించే భారం మాత్రం మీదే. పాత వాటర్‌ప్రూఫింగ్ బిల్లో, కింది ఫ్లాటువాళ్ల సాక్ష్యమో సంపాదించాలి. కొనేటప్పుడే ఎదురుగా కనబడిన పగులుకు ఈ సెక్షన్ అక్కరకు రాదు.

ఇక "కోర్టు వినదు" అనేది శుద్ధ అబద్ధం. బిల్డర్ మీద రెరా అథారిటీకే కాదు, వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. చెల్లించిన ధర 50 లక్షల వరకైతే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు మామూలుగా 2 ఏళ్లు. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు మించని స్థలంలోనో, 8 ఫ్లాట్లు దాటకుండానో కట్టిన ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అలాంటి చిన్న బిల్డర్ దగ్గర కొన్నవాళ్లు ఈ 2 ఏళ్ల గడువు మీద ఓ కన్నేసి ఉంచాలి.