ట్యాంకరు క్యాబిన్‌లో రెండో సీటు

చెన్నైలో మణలి రిఫైనరీ వైపు వెళితే లారీల వరుసల మధ్య తెలుగు మాట చెవిన పడుతుంది. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట ఇక్కడికి దూరమేమీ కాదు. ఆ ఊళ్ల కుర్రాళ్లు పెద్ద డ్రైవర్లను అడిగేది ఒకటే: "అన్నా, ట్యాంకరు ఎక్కాలంటే ఏం చేయాలి?" పాత తరం జవాబు కూడా ఒకటే: "ముందు ఎవరి దగ్గరైనా క్లీనరుగా చేరు తమ్ముడూ." ఆ జవాబు ఇప్పటికీ సరైనదే. కానీ అలా చేరే చోటే కరవైపోతోంది.

చట్టం మెట్లు స్పష్టంగానే కట్టింది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి, తేలికపాటి వాహనం లైసెన్సు చేతికొచ్చి కనీసం ఏడాది గడవాలి. పెట్రోలు, గ్యాస్ లాంటి ప్రమాదకర సరకుకు అదీ చాలదు. 1989 కేంద్ర నిబంధనల్లో తొమ్మిదోది మూడు రోజుల శిక్షణ, ధ్రువపత్రం అడుగుతుంది. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలంటుంది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు తేలికపాటి లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు కూడా ఈ ప్రత్యేక షరతుల జోలికి పోలేదు. ఇంగ్లీషు షరతు పల్లెటూరి కుర్రాళ్లకు భారమే, అయినా దాన్ని నేను తప్పుపట్టను. లీకైన వేళ క్యాబిన్‌లోని అత్యవసర సమాచార కార్డు చదవలేని డ్రైవరు తననే కాపాడుకోలేడు.

నా ఫిర్యాదు ఆ మూడు రోజుల మీద. గ్యాస్ ట్యాంకరునే చూడండి. దాన్ని ఎప్పుడూ పూర్తిగా నింపరు. ఎండకు ద్రవం వ్యాకోచిస్తుంది కనుక పైన ఖాళీ వదులుతారు. ఆ ఖాళీయే డ్రైవరుకు పరీక్ష. బ్రేకు వేస్తే చక్రాలు ఆగుతాయి, లోపలి ద్రవం ఆగదు. ముందుకు దూసుకొచ్చి గోడను తంతుంది, ఆగిన బండి మళ్లీ ముందుకు జరిగినట్టవుతుంది. మలుపులో భారమంతా ఒక పక్కకు ఒరుగుతుంది. లోపలి అడ్డుపలకలు ముందువెనకల ఊపును తగ్గిస్తాయి కానీ ఈ ఒరుగుడును అంతగా ఆపలేవు. బోల్తా పడే ప్రమాదం ఎక్కువగా అక్కడే. అందుకే చేయి తిరిగిన డ్రైవరు మలుపు రాకముందే వేగం తగ్గించుకుంటాడు. తరగతి గదిలో దీన్ని బొమ్మ గీసి చెప్పవచ్చు. నడుముకు తెలిసేది మాత్రం క్యాబిన్‌లో కూర్చున్నప్పుడే.

ఒకప్పుడు క్లీనరు సీటే ఆ బడి. ఇప్పుడు ఎన్నో సరకు లారీల్లో ఆ సీటు ఖాళీ. డీజిలు, టోలు, బీమా, వాయిదాలు పోగా మిగిలే కిరాయిలో యజమాని కోయగలిగింది ఆ ఒక్క జీతమే. అతణ్ని దోషిగా నిలబెట్టలేను. ఇక కొత్తగా హెవీ లైసెన్సు తీసుకున్న కుర్రాడికి ఈ నగరంలో సులువుగా దొరికేది నీళ్ల ట్యాంకరు. ఒక అపార్టుమెంటులో సగం దించి, మిగతా సగంతో ఇంకో వీధికి పరుగు. ద్రవం ఊపు అక్కడా తెలుస్తుంది, నిజమే. అయితే ట్రిప్పుల లెక్కన డబ్బు వచ్చే చోట అతనికి ముందు అలవాటయ్యేది తొందర. ఆ అలవాటుతోనే రేపు గ్యాస్ బండి ఎక్కితే?

రెండో సీటును అప్రెంటిస్ సీటుగా గుర్తించాలి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం స్టైపెండుకు దారి చూపింది, దాన్ని ట్యాంకరు క్యాబిన్ దాకా తీసుకురావాలి. ఆరు నెలలు పెద్ద డ్రైవరు పక్కన తిరగాలి. లోడింగుకు ముందు, నిప్పురవ్వ పుట్టకుండా స్థిర విద్యుత్తును నేలలోకి పంపే ఎర్తింగ్ క్లిప్పు తగిలించడం నుంచి రాత్రి వేళ బండి ఎక్కడ ఆపాలో చూసుకోవడం దాకా చేసిన ప్రతి పనీ పుస్తకంలో ఎక్కాలి, దాని కింద ఆ డ్రైవరు సంతకం ఉండాలి. చమురు సంస్థలు, వాటి కాంట్రాక్టర్లు ఆ పుస్తకాన్ని అనుభవంగా లెక్కలోకి తీసుకోవాలి. స్టైపెండు భారం ఒక్క బండి ఉన్న యజమాని మీద వేయకూడదు, సరకు ఎవరిదో వాళ్లే మోయాలి. నేర్పిన డ్రైవరుకు రోజుకింత అదనపు బత్తా కూడా అందులోనే కలపాలి. తన పనికి తోడు ఇంకొకరి ప్రాణానికి జవాబుదారీ తీసుకునే మనిషిని ఊరికే నేర్పమని అడగడం అన్యాయం.